ఎండ నేలలో తెల్లని బిడ్డ: రాయచూరు సీమలో వారసత్వం, దత్తత, చూపు

ఆల్బినిజం పైకి ఒంటి రంగుకు సంబంధించిన సంగతిలా కనిపిస్తుంది. దానితో పుట్టినవారి బతుకును ఎక్కువగా నిర్ణయించేది మాత్రం చూపు. చర్మానికి, వెంట్రుకలకు, కంటికి రంగునిచ్చే మెలనిన్‌ను శరీరం తయారుచేసుకోలేకపోవడం, లేదా మరీ తక్కువగా తయారుచేసుకోవడం దీనికి మూలం. బిడ్డ కడుపులో ఉండగా కన్ను సరిగా ఎదగాలన్నా ఆ మెలనిన్ కావాలి. అది లేకపోతే రెటీనాలో సన్నని వివరాలను పట్టుకునే నడిమి భాగం పూర్తిగా రూపు కట్టదు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాల పోగులు ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఎదుటి వైపుకు దాటిపోతాయి. అందువల్ల కళ్లు నిలకడగా ఉండక అటూ ఇటూ కదులుతుంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది, దూరాన ఉన్నది అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. కళ్లజోడు కొంత సాయం చేస్తుందే గాని చూపును మామూలు స్థాయికి తీసుకురాలేదు. అలాగని పూర్తి గుడ్డితనమూ రాదు. వయసు పెరిగేకొద్దీ ఉన్న చూపు ఈ కారణంగా తరిగిపోదు. సాధారణ రూపాల్లో బుద్ధికీ దీనికీ సంబంధం లేదు. ఎండ నుంచి కాపాడుకోకపోతే చర్మ క్యాన్సర్ ముప్పు మాత్రం చాలా ఎక్కువ.

ఈ చివరి మాట రాయచూరు జిల్లాలో బరువైనది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ అంతర్వేదిలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. జొన్న, పత్తి, తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక వరి, ఏ పంట చూసినా పని ఆరుబయటే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక కోస్తాంధ్ర నుంచి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాల్లో స్థిరపడిన తెలుగు రైతుల క్యాంపుల్లోనూ, అంతకు ముందు నుంచీ ఉన్న కన్నడ, తెలుగు పల్లెల్లోనూ పిల్లవాడి విలువ కట్టే మొదటి చోటు పొలమే. పగటి వెలుతురులో కళ్లు తెరవలేని, గంటసేపు ఎండలో నిలిస్తే చర్మం కమిలిపోయే బిడ్డ గురించి ఆ తూకంలో వచ్చే తీర్పు ముందే తెలిసినది: వీడు పనికి రాడు. ఆ బిడ్డ కన్నవారి దగ్గర కాక పెంచినవారి దగ్గర పెరుగుతుంటే తీర్పు మరింత కఠినంగా ఉండేది. ఎందుకంటే ఈ సీమలో దత్తత అనే ఆచారమే పొలానికీ, పిండానికీ వారసుణ్ణి వెతుక్కోవడం కోసం పుట్టింది. ఈ రెండు తూకాలూ ఒక్కనాడు వచ్చినవి కావు. వాటి వెనక దాదాపు తొమ్మిది వందల ఏళ్ల రాతపూర్వకమైన చరిత్ర ఉంది.

ఆ చరిత్రలో ముఖ్యమైన గ్రంథం పుట్టింది రాయచూరుకు ఉత్తరాన ఉన్న కల్యాణంలోనే. నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ అది. 1076 నుంచి 1126 వరకు పాలించిన చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడి ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్యానం రాశాడు. బెంగాల్ ప్రాంతాన్ని మినహాయిస్తే భారతదేశమంతటా హిందువుల ఆస్తి పంపకాలకు ఇరవయ్యో శతాబ్దం దాకా అదే ఆధారం. వారసత్వంలో వాటా లేనివారి జాబితా అందులో ఉంది. నపుంసకుడు, పతితుడు, కుంటివాడు, ఉన్మత్తుడు, జడుడు, గుడ్డివాడు, నయంకాని రోగం ఉన్నవాడు ఆ వరుసలో వస్తారు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోనూ దాదాపు ఇలాంటి వరుసే కనిపిస్తుంది. వీళ్లకు భాగం ఉండదు, తిండీ బట్టా మాత్రం ఇవ్వాలి.

ఇక్కడ విజ్ఞానేశ్వరుడికి న్యాయంగా చెందవలసిన మాట ఒకటుంది. ఆయన ఆ లోపాన్ని శాశ్వతమైన శాపంగా చూడలేదు. పంపకానికి ముందే లోపం ఉంటేనే వాటా పోతుందనీ, మందుతోనో మరో విధంగానో లోపం తొలగితే వాటా తిరిగి వస్తుందనీ రాశాడు. లోపం ఉన్నవాడి కన్నకొడుకులకు ఏ లోపమూ లేకపోతే వారికి భాగం ఇచ్చాడు. కూతుళ్లకు పెళ్లయ్యేదాకా పోషణ కల్పించాడు. కానీ దత్తత దగ్గర తలుపు మూసేశాడు. స్మృతిలో ఔరస (సొంతంగా కన్న), క్షేత్రజ (నియోగం వల్ల భార్యకు పుట్టిన) పుత్రుల పేర్లు విడిగా చెప్పడం మిగతా రకాల కొడుకులను కాదనడానికేనని ఆయన వివరణ. అంటే గుడ్డివాడు ఒక బిడ్డను దత్తత తీసుకున్నా ఆ బిడ్డకు తాత ఆస్తిలో చోటు లేదు. చూపు లోపం, దత్తత ఈ రెండూ కలిసిన చోట శాస్త్రం రెండు వైపులా వాటా తీసేసిందన్నమాట.

చర్మం విషయంలో ధర్మశాస్త్రాలు మరో దారిన నడిచాయి. శ్విత్రం, అంటే ఒంటి మీద తెల్లమచ్చలు, ఉన్నవాణ్ణి శ్రాద్ధ భోజనానికి పిలవరాదని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. అతని చూపు పడితేనే వందమందికి పెట్టిన అన్నదాన ఫలం పోతుందని కూడా అంటుంది. శ్విత్రం నేటి బొల్లి, ఆల్బినిజం కాదు. బొల్లి పుట్టాక వచ్చేది, ఆల్బినిజం పుట్టుకతో ఉన్నది; బొల్లితో చూపు మందగించదు. ఈ తేడా శాస్త్రకారులకే స్పష్టంగా లేనప్పుడు ఊరివాళ్లకు ఉంటుందనుకోవడం అత్యాశ. బొల్లి, కుష్ఠు, ఆల్బినిజం మూడూ జనం మనసులో కలగలిసిపోయి, ఒకదాని భయం మరొకదానికి అంటుకుంది. పాప ఫలమనీ, అంటుకుంటుందనీ, గ్రహణం నాడు తల్లి బయట తిరగడం వల్ల ఇలా పుట్టిందనీ చెప్పుకొనే మాటలు ఆ కలగలుపు నుంచి వచ్చినవే.

దత్తతకు వస్తే, పాత హిందూ ధర్మం ప్రకారం దత్తత తీసుకునేది మగపిల్లవాణ్ణే. ఇవ్వగలిగింది తండ్రి, లేదా తండ్రి అనుమతితో తల్లి మాత్రమే. ఉన్న ఒక్క కొడుకును ఇవ్వరాదని వసిష్ఠ ధర్మసూత్రం చెబుతుంది. ద్విజులు అక్కచెల్లెళ్ల కొడుకును తీసుకోకూడదని శాస్త్రం అన్నా, మేనరికాల దక్షిణంలో ఆ నిషేధం నిలవలేదు. మేనల్లుణ్ణి, కూతురి కొడుకును దత్తత తీసుకోవడం ఇక్కడి ఆచారం. కన్నవారే చేతులారా ఇవ్వాలన్న షరతు వల్ల తల్లిదండ్రులు లేని బిడ్డ, దొరికిన బిడ్డ దత్తతకు అసలు అర్హులే కారు. వాళ్లను ఎవరైనా దయతలచి పెంచినా వాళ్లు పెంపుడు పిల్లలే, దత్తపుత్రులు కారు. ఇంటి పేరు, వాటా, తలకొరివి పెట్టే హక్కు ఏవీ వాళ్లవి కావు.

దత్తత కోరే ఇల్లు బిడ్డను ఎంచుకుంటుంది. ఎంచుకునే చోట కనిపించే లోపం ఉన్న బిడ్డ వరుసలో ముందు నిలవడం అరుదు. సంస్థానాల్లో ఇది మరింత స్పష్టం. 1956 దాకా రాయచూరు జిల్లాలోనే ఉన్న గద్వాల సంస్థానంలో మగ సంతానం లేనప్పుడు వంశాన్ని నిలిపింది దత్తతలే. సంస్థానానికి వారసుడంటే గుర్రమెక్కి ఊరేగాలి, దర్బారులో నిలబడాలి, నిజాము ముందు గుర్తింపు పొందాలి. సామాన్య రైతు ఇంట దత్తతకు కూడా ఇదే నీడ పడింది. ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకునే ఆచారం రెడ్డి, కమ్మ కుటుంబాల్లో బలంగా ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ న్యాయస్థానాలు దాన్ని ఇల్లటం పేరిట గుర్తించి, మామ ఆస్తిలో అతనికి హక్కు ఇచ్చాయి. అక్కడా కోరుకున్నది సేద్యం చేయగల చేతులనే. బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో కొడుకులు లేని కొన్ని కులాల ఇళ్లు కూతురిని బసివిగా దేవత పేర విడిచి, ఆమెకు కొడుకు హక్కులు కట్టబెట్టేవి. బ్రిటిష్ పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్ 1890ల మొదట్లో దీని మీద వ్యాసం రాశాడు. జబ్బు చేసిన బిడ్డను, అందరిలా లేని బిడ్డను దేవతకు మొక్కుకోవడం కూడా ఆ ఆచారంలో ఒక భాగం. ఆ మొక్కు ఆడపిల్ల బతుకును ఎక్కడికి చేర్చిందో తెలిసిందే. కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టాలు చేసి బసివి వంటి దేవదాసి సమర్పణలను నిషేధించాయి.

బ్రిటిష్ కాలం ఈ తూకాలను కొంచెం కదిలించింది. మితాక్షర దాయభాగ ప్రకరణాన్ని కోల్‌బ్రూక్ 1810లో ఇంగ్లీషులోకి తెచ్చాక న్యాయమూర్తులు దానిని వాక్యం వాక్యం పట్టి చదవడం మొదలుపెట్టారు. గుడ్డితనం వల్ల వాటా పోవాలంటే అది పుట్టుకతో వచ్చినదై ఉండాలని బొంబాయి హైకోర్టు 1876లో తేల్చింది. ఈ లెక్కన ఆల్బినిజం ఉన్నవాడికి ఒక వాదన దొరికింది: లోపం పుట్టుకతో వచ్చిందే, కానీ అది గుడ్డితనం కాదు. ఆ వాదన వినిపించడానికి వకీలు, డబ్బు, చదువు కావాలి. ఊరి పెద్దల ముందు చావడిలో జరిగే పంపకంలో అంత సన్నని తేడా నిలబడే అవకాశం తక్కువ. పైగా రాయచూరు అంతర్వేది 1853 నుంచి 1860 దాకా మాత్రమే బ్రిటిష్ చేతిలో ఉండి తిరిగి నిజాం రాజ్యంలో చేరింది. 1928లో బ్రిటిష్ ఇండియా శాసనసభ హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టం చేసి, పుట్టుకతో వచ్చిన ఉన్మాదం, జడత్వం తప్ప మిగతా లోపాలేవీ వాటాకు అడ్డు కావని చెప్పింది. ఆ చట్టపు హద్దు బ్రిటిష్ ఇండియా వరకే.

జనాభా లెక్కలు వేరే రకంగా ఈ మనుషులను కనుమరుగు చేశాయి. నిజాం రాజ్యంలో మొదటి లెక్క 1881లో జరిగింది. 1881 నుంచి 1931 దాకా ప్రతి లెక్కలోనూ ‘వైకల్యాలు’ అనే గడి ఒకటి ఉండేది: ఉన్మాదం, చెవిటి మూగతనం, గుడ్డితనం, కుష్ఠు. గణకుడికి ఇచ్చిన సూచనల్లో రెండు మాటలు గట్టిగా ఉండేవి. రెండు కళ్లూ కనిపించనివారినే గుడ్డివారిగా రాయాలి. ఒంటి మీద తెల్లదనం మాత్రమే ఉన్నవారిని కుష్ఠు కింద రాయకూడదు. రెండోది మంచి సూచనే. బొల్లి ఉన్నవారిని కుష్ఠు రోగులుగా ముద్ర వేయకుండా అది ఆపింది. కానీ ఈ రెండు సూచనలూ కలిసిన చోట ఆల్బినిజం ఉన్న మనిషి ఏ గడిలోనూ పడడు. చూపు ఉంది గనక గుడ్డివాడు కాడు, రోగం లేదు గనక రోగి కాడు. ఊళ్లో ‘తెల్లోడు’, ‘దొర’ అని ఎగతాళి పేర్లతో అందరికీ తెలిసిన మనిషి ప్రభుత్వ పుస్తకంలో మాత్రం ఎక్కడా లేడు. లెక్కలో లేనివారి కోసం బడి గాని, వైద్యం గాని ఎవరూ ఏర్పాటు చేయరు. వీళ్లను తక్కువగా అంచనా వేయడానికి ఇదీ ఒక పెద్ద కారణం.

ఆ రోజుల్లోనే లండన్‌లో ఆర్చిబాల్డ్ గారడ్ అనే వైద్యుడు ఆల్బినిజానికి అసలు కారణాన్ని తవ్వుతున్నాడు. 1908లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు పుట్టుకతో వచ్చే జీవరసాయన లోపాల గురించి. ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో ఆల్బినిజం ఒకటి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు లోపభూయిష్టమైన జన్యు ప్రతులు బిడ్డకు చేరితేనే ఇది బయటపడుతుంది. ఒక్క ప్రతి మోస్తున్నవారికి ఏ లక్షణమూ ఉండదు, తాము మోస్తున్నామన్న సంగతే తెలియదు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. రక్తసంబంధీకులు పెళ్లాడితే ఇద్దరిలోనూ ఒకే ప్రతి ఉండే వీలు పెరుగుతుంది.

దక్కన్‌కు ఇది దగ్గరి విషయం. మేనమామను, మేనబావను చేసుకోవడం తెలుగు, కన్నడ ఇళ్లలో తరాలుగా వస్తున్నది. పిఠాపురంలో పుట్టి జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్‌తో కలిసి 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ మేనరికాల మీద చేసిన అధ్యయనం ఈ రంగంలో తొలి పనుల్లో ఒకటి. 1980ల్లో బెంగళూరు, మైసూరు ఆసుపత్రుల్లో లక్షకు పైగా కాన్పులను పరిశీలించిన బిటిల్స్, అప్పాజీరావు బృందం వాటిలో దాదాపు మూడో వంతు రక్తసంబంధపు పెళ్లిళ్ల ఫలమని చూపింది. అయితే మేనరికం లేని ఇళ్లలోనూ ఆల్బినిజం పుడుతుంది. కోల్‌కతాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ శాస్త్రజ్ఞులు పశ్చిమ బెంగాల్‌లోని తిలి సముదాయంలో మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ జన్యువులో ఒకే మార్పు పదే పదే కనిపించడాన్ని గుర్తించారు. ఒక పూర్వికుడి నుంచి కులం లోపలి పెళ్లిళ్ల ద్వారా అది పాకిందన్నమాట. ఈ జ్ఞానం వల్ల మొదట దక్కవలసిన మేలు తల్లికి. బిడ్డ తెల్లగా పుడితే ఆమె నడవడిని శంకించడం, గ్రహణం నాడు బయటికి వెళ్లిందని నిందించడం ఎంత అన్యాయమో ఇది తేల్చి చెప్పింది. లోపం ఉన్న ప్రతుల్లో సగం తండ్రిది.

చూపు మందగించిన పిల్లలకు చదువు ఈ సీమకు చుట్టూ వచ్చింది గాని, సీమలోకి రావడానికి చాలా కాలం పట్టింది. దేశంలో మొదటి అంధుల బడి 1887లో అమృతసర్‌లో మొదలైంది. మైసూరు సంస్థానంలో 1901లో అంధ, బధిర పాఠశాల వచ్చింది. రాయచూరు అప్పుడు నిజాం రాజ్యంలో ఓ మూల జిల్లా. 1871లో బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు కలిసిన ఊరు అదే అయినా, ఆ రైలెక్కి బిడ్డను దూరపు బడికి పంపడం పేద ఇంటికి సాధ్యమయ్యే పని కాదు.

ఉత్తర కర్ణాటకలో కంటిచూపు లేని పిల్లలకు నిజంగా ఆసరా అయినది గదగ్‌లోని వీరేశ్వర పుణ్యాశ్రమం. తానూ చూపులేనివాడైన పంచాక్షరి గవాయి (1892–1944) హానగల్ కుమారస్వామి అండతో సంగీతం నేర్చి, తనలాంటి పిల్లలను చేరదీసి, ఊరూరా తిరుగుతూ పాఠశాల నడిపాడు. పసితనంలోనే చూపు పోయి, ఆయన దగ్గర పెరిగిన పుట్టరాజ గవాయి (1914–2010) గురువు తరువాత ఆశ్రమాన్ని అరవై ఏళ్లకు పైగా నిలబెట్టాడు. కన్నడ, సంస్కృత, హిందీ భాషల్లో రచనలు చేశాడు, పద్మభూషణ్ పొందాడు. అనాథలను, విడిచిపెట్టిన పిల్లలను తన బిడ్డలుగా పెంచి విద్వాంసులుగా తీర్చిన ఆ ఆశ్రమం చేసిన పని చట్టం చేసే దత్తతకన్నా గొప్పదని చెప్పడానికి సంకోచించనక్కర లేదు. దాని విజయం వల్లనే ఒక పరిమితి కూడా స్థిరపడింది. చూపు తక్కువైన పిల్లవాడంటే పాట నేర్చుకోవాలి, లేదంటే కుర్చీలు అల్లాలి అన్న భావన సమాజంలో పాతుకుపోయింది. బ్రెయిలీ అక్కర లేకుండా, పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే అచ్చు చదవగలిగే ఆల్బినిజం పిల్లవాడికి ఆ బడిలోనూ చోటు సరిపోదు, మామూలు బడిలోనూ సరిపోదు.

1956 రాయచూరుకు మూడు విధాల మలుపు. జూన్ 17న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ రోగం, లోపం, అంగవైకల్యం ఏదీ వారసత్వానికి అడ్డు కాదని ఒక్క వాక్యంలో చెప్పింది. విజ్ఞానేశ్వరుడి జాబితాలో శరీర లోపాలకు సంబంధించినదంతా, అది రాసిన సీమలోనే, ఆ రోజుతో రద్దయింది. నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం చీలి రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది; గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. డిసెంబరు 21న హిందూ దత్తత, పోషణ చట్టం వచ్చింది. దాంతో ఆడపిల్లను దత్తత తీసుకోవడం చట్టబద్ధమైంది. దత్తత బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులు ఖాయమయ్యాయి. తల్లిదండ్రులు ఎవరో తెలియని, విడిచిపెట్టిన పిల్లలను సంరక్షకుడు కోర్టు అనుమతితో దత్తత ఇవ్వవచ్చని 1962 సవరణ చెప్పింది. పూర్వం దొరికిన బిడ్డ జీవితాంతం పెంపుడు బిడ్డగానే ఉండేది. ఆ ఏడు నుంచి ఆమె కూతురు కాగలిగింది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఈ చట్టం వర్తించదు. 1890 నాటి సంరక్షక చట్టం కింద వాళ్లు సంరక్షకులే అయ్యేవారు. బాలల న్యాయ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరణ పొందాక ఏ మతంవారైనా దత్తత తీసుకోగలిగారు.

చట్టం తలుపు తెరిచినంత మాత్రాన తల్లిదండ్రుల ఎంపిక మారలేదు. సంస్థల ద్వారా దత్తత కోరే భారతీయ దంపతులు ఎక్కువగా రెండేళ్ల లోపు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డనే అడుగుతారు. ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలకు ఇల్లు దొరికితే అది చాలాసార్లు విదేశంలోనే. ఆ విదేశీ దత్తతలు దారి తప్పకుండా 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు నియమాలు ఏర్పరచింది. 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే కారా, ఏర్పడింది. ఆ నియమాలున్నా 1999, 2001లలో తెలంగాణ లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను కొని హైదరాబాదు సంస్థల ద్వారా విదేశాలకు పంపుతున్న వైనం బయటపడింది. బీదతనం బిడ్డను సరుకుగా మార్చిన ఆ ఘటనల తరువాతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత మీద ప్రభుత్వపు పట్టు బిగిసింది. నేటి పద్ధతిలో విడిచిన బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు హాజరు పరుస్తారు. తల్లిదండ్రులు స్వయంగా అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి వారికి రెండు నెలల గడువు ఉంటుంది. తరువాత బిడ్డ వైద్య పరీక్షా నివేదిక, అధ్యయన నివేదిక తయారవుతాయి. 2022 సెప్టెంబరు నుంచి తుది ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరే.

ఆ రెండు నివేదికల్లో రాసే నాలుగు వాక్యాలు ఆల్బినిజం బిడ్డ భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తాయి. ‘చూపు లేదు’ అని రాయడం వేరు. ‘చూపు తక్కువ, పెద్ద అక్షరాలు దగ్గరగా చదవగలడు, ఎండ నుంచి రక్షణ కావాలి’ అని రాయడం వేరు. రెండూ ఒకే బిడ్డను గురించినవే కావచ్చు. మొదటి వాక్యం చదివిన దంపతులు పేజీ తిప్పేస్తారు. అయినా ఇల్లు దొరికినవారు ఉన్నారు. ఆల్బినిజంతో పుట్టి, చైనాలో అనాథాశ్రమం బయట విడిచిపెట్టగా మూడేళ్ల వయసులో నెదర్లాండ్స్ కుటుంబం దత్తత తీసుకున్న షూలీ ఆబింగ్, పదకొండో ఏట మోడలింగ్ మొదలుపెట్టి 2019లో వోగ్ ఇటాలియాలో కనిపించింది. ఆమెకు ఉన్న చూపు పదో వంతుకు మించదు. మాలీలో రాజవంశీకుల ఇంట 1949లో ఆల్బినిజంతో పుట్టి, అయినవారి తిరస్కారం ఎదుర్కొన్న సాలిఫ్ కీటా ప్రపంచ ప్రసిద్ధ గాయకుడయ్యాడు. ఇలాంటి పేర్లు ధైర్యం ఇస్తాయి. కానీ సింధనూరు క్యాంపులోని పిల్లవాడికి కావలసింది మోడలో గాయకుడో కావడం కాదు, మామూలు బడిలో మామూలు పిల్లవాడిగా పదో తరగతి పాసవడం.

దానికి దారి వేసినది ‘తక్కువ చూపు’ అనే వర్గం చట్టంలోకి రావడం. 1995 వికలాంగుల చట్టం అంధత్వం నుంచి దాన్ని వేరుగా గుర్తించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కొలతలు కూడా ఇచ్చింది: మెరుగైన కంటితో, కళ్లజోడు పెట్టుకున్నా చూపు 6/18కి మించకపోతే తక్కువ చూపు, 3/60 కన్నా తగ్గితే అంధత్వం. ఈ చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో ఆల్బినిజం పేరు లేదు. ఆల్బినిజం ఉన్నవారు తక్కువ చూపు కిందే ధ్రువపత్రం పొందాలి. ఐక్యరాజ్యసమితి 2015 నుంచి జూన్ 13ను ఆల్బినిజం అవగాహన దినంగా పాటిస్తూ, స్వతంత్ర నిపుణురాలిని కూడా నియమించింది. భారత చట్టం మాత్రం చర్మానికి కలిగే కష్టాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఎండకు రాసుకునే లేపనం, నిండు చేతుల చొక్కా, అంచు వెడల్పు టోపీ ఇక్కడ సౌందర్య సాధనాలు కావు, ప్రాణరక్షణ. టాంజానియాలోని మోషి పట్టణంలో ఆల్బినిజం ఉన్నవారి కోసమే లేపనం తయారుచేసి ఇస్తున్నారు. రాయచూరు ఎండకు అలాంటి ఏర్పాటు అంతే అవసరం.

వైద్యం వైపు పెద్ద అడుగు హైదరాబాదులో పడింది. గుల్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ, ఆపరేషన్‌తో బాగుకాని చూపుకు కూడా చేయగలిగింది ఉందని నమ్మి, తక్కువ చూపు పునరావాసానికి ప్రత్యేక విభాగం నడుపుతోంది. అక్కడ ఇచ్చేవి ఖరీదైన యంత్రాలే కానక్కర లేదు. భూతద్దం, నల్లబల్ల చూడటానికి ఒంటికంటి దుర్భిణి, రంగు అద్దాలు, వాలుగా ఉండే రాత బల్ల. వీటికన్నా ముఖ్యమైనది ఉపాధ్యాయుడికి చెప్పవలసిన నాలుగు మాటలు. కళ్లు కదులుతూ ఉండే పిల్లలకు తల ఒక పక్కకు వంచితే కదలిక తగ్గే కోణం ఒకటి దొరుకుతుంది. చాలామంది తమంతట తామే దాన్ని కనుక్కుంటారు. తల వంకరగా పెట్టాడని దండించే మాస్టారు ఆ పిల్లవాడికి ఉన్న చూపును కూడా లాగేసుకుంటున్నాడు. ముందు వరుసలో కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదు, కిటికీ వెలుతురు వెనక నుంచి పడాలి, నల్లబల్ల మీద రాసినది పైకి చదివి వినిపించాలి. పరీక్షలో గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం 2018 కేంద్ర మార్గదర్శకాలు ఇచ్చిన హక్కు. నలభై శాతం వైకల్య ధ్రువపత్రం ఉంటే ప్రభుత్వోద్యోగాల్లో అంధత్వం, తక్కువ చూపు కలిపి ఒక శాతం కోటా ఉంది.

2011 లెక్కల ప్రకారం రాయచూరు జిల్లా అక్షరాస్యత 59.56 శాతం. కర్ణాటకలో దీనికన్నా వెనక ఉన్నది యాదగిరి ఒక్కటే. మామూలు చూపు ఉన్న పిల్లలే బడి మానే చోట పెంపుడు ఇంట, కదిలే కళ్లతో పెరిగే బిడ్డను బడిలో నిలపడానికి ఇంటివారి పట్టుదల ఎంత కావాలో ఆ అంకె చెబుతుంది. 2013 నుంచి అమలైన రాజ్యాంగపు 371(జె) అధికరణం రాయచూరుతో కూడిన కల్యాణ కర్ణాటక జిల్లాల వారికి విద్యలో, ఉద్యోగాల్లో ప్రత్యేక వాటా ఇచ్చింది. వైకల్య కోటాతో కలిపి చూస్తే, ఈ జిల్లాలో తక్కువ చూపుతో చదువుకున్న బిడ్డకు రెండు మెట్లు దొరికాయి. పొలం ఒక్కటే కొలబద్ద కాని కాలం వచ్చాక, నీడలో కూర్చుని చేసే పనుల్లో, బ్యాంకులో, బడిలో, కోర్టులో, కంప్యూటరు ముందు, అక్షరాన్ని పెద్దది చేసుకునే వీలుంటే ఆ బిడ్డ వెనకబడవలసిన కారణం లేదు.

దత్తతతో పెరిగినవారికి పెద్దయ్యాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఆల్బినిజం వంశం నుంచి వచ్చేది. వారికి తెలిసిన వంశం వేరు. నేటి దత్తత నియమాలు పద్దెనిమిదేళ్లు నిండినవారికి తమ మూలాలు వెతుక్కునే హక్కు ఇచ్చాయి. అయితే పిల్లను వదిలిన తల్లి గోప్యత కోరితే ఆ వివరాలు ఇవ్వరు. జన్యు సలహా ఇచ్చే వైద్యుడు కన్నవారి వివరాలు లేకపోయినా చాలా చెప్పగలడు. ఆ వ్యక్తిలో రెండు ప్రతులూ లోపమున్నవే గనక పుట్టే పిల్లలందరూ ఒక్కో ప్రతి మోస్తారు. జీవిత భాగస్వామి కూడా అదే జన్యువులో మార్పు మోస్తుంటే తప్ప వాళ్లకు ఆల్బినిజం రాదు. పెంచినవారు కన్నవారికి బంధువులు కాకపోతే, వారి బంధువర్గంలో మేనరికం చేసుకున్నా అక్కడ రక్తసంబంధం లేదు కాబట్టి, ఆ కారణంగా ముప్పు పెరగదు.